మోటార్ కిలోవాట్లు చూసి వీఎఫ్‌డీ ఎంచుకుంటే తేడా కొట్టేది ఎక్కడ?

సంక్షిప్తంగా: మోటార్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, క్లుప్తంగా డ్రైవ్) ఎంపిక చాలాచోట్ల మోటార్ నేమ్‌ప్లేట్ మీద ఉన్న కిలోవాట్ల దగ్గరే ఆగిపోతోంది. డ్రైవ్ సరిపోతుందా లేదా అని తేల్చేది మాత్రం మోటార్ తిప్పే యంత్రం, ఆ యంత్రం అడిగే టార్క్ (తిప్పే బలం), అందుకు పట్టే ఆంపియర్లు. ప్యానెల్‌లో వేడి, మోటార్ దాకా వెళ్లే కేబుల్ పొడవు, సప్లైలో చేరే హార్మోనిక్స్ (సప్లై ఫ్రీక్వెన్సీకి గుణిజాలుగా పుట్టే అదనపు తరంగాలు) వంటివి ఆ తర్వాత లెక్కలోకి వస్తాయి. ఏది ఎందుకు ముఖ్యమో, ఎక్కడ పట్టించుకోనక్కర్లేదో వివరించే ప్రయత్నం ఇది.

15 కిలోవాట్ల మోటార్ ఉంది కాబట్టి 15 కిలోవాట్ల డ్రైవ్ తెప్పిస్తారు. బిగిస్తారు, మోటార్ తిరుగుతుంది. కొత్తలో అంతా బాగానే ఉంటుంది. ఎండలు ముదిరాకనో, ఉత్పత్తి పెంచాకనో ట్రిప్పులు మొదలవుతాయి. డిస్‌ప్లే మీద ఒకరోజు ఓవర్‌లోడ్ అని, మరో రోజు ఓవర్ టెంపరేచర్ అని కనిపిస్తుంది. రీసెట్ చేస్తే మళ్లీ నడుస్తుంది, గంట తర్వాత మళ్లీ ఆగుతుంది. ముందుగా అనుమానం డ్రైవ్ కంపెనీ మీదకు పోతుంది. ఇలాంటి కేసుల్లో చాలావాటికి మూలం డ్రైవ్ తయారీలో ఉండదు, దాన్ని ఎంచుకున్న తీరులో ఉంటుంది.

డ్రైవ్ లోపల జరిగేది

ఇండక్షన్ మోటార్ వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: సప్లై ఫ్రీక్వెన్సీ, మోటార్‌లోని పోల్స్ సంఖ్య. ఫ్రీక్వెన్సీని 120తో గుణించి పోల్స్‌తో భాగిస్తే సింక్రనస్ వేగం వస్తుంది. నాలుగు పోల్స్ మోటార్‌కు 50 హెర్ట్జ్ దగ్గర అది నిమిషానికి 1500 చుట్లు. స్లిప్ (ఆ వేగానికి రోటర్ కాస్త వెనకబడటం) పోగా నేమ్‌ప్లేట్ మీద 1440 నుంచి 1480 మధ్య ఏదో ఒక అంకె కనిపిస్తుంది. పోల్స్ మార్చడం కుదరదు కాబట్టి వేగం మార్చాలంటే ఫ్రీక్వెన్సీని మార్చాలి.

ఫ్రీక్వెన్సీ ఒక్కటే తగ్గిస్తే మోటార్ కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ హద్దు దాటుతుంది, కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది. అందుకే వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి. 400 వోల్టులు, 50 హెర్ట్జ్ మోటార్‌కు హెర్ట్జ్‌కు 8 వోల్టులు. 25 హెర్ట్జ్ దగ్గర మోటార్‌కు అందేది దాదాపు 200 వోల్టులు. వీ బై ఎఫ్ కంట్రోల్ అంటే ఇదే.

ఈ పని మూడు అంచెల్లో జరుగుతుంది. వచ్చిన ఏసీని రెక్టిఫయర్ డీసీగా మారుస్తుంది. డీసీ బస్ మీదున్న కెపాసిటర్లు దాన్ని నిలకడగా పట్టి ఉంచుతాయి. చివర్లో ఐజీబీటీలు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఆ డీసీని సెకనుకు కొన్ని వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ పల్స్‌ల రూపంలో మోటార్‌కు పంపుతాయి. 400 వోల్టుల సప్లై మీద డీసీ బస్ వోల్టేజీ లోడ్ ఉన్నప్పుడు 540 వోల్టుల దగ్గర, లోడ్ లేనప్పుడు 565 దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, కింద చెప్పబోయే సమస్యల్లో సగం వీటి నుంచే పుడతాయి.

పెద్ద ఎత్తున తయారైన తొలి ఫ్రీక్వెన్సీ కన్వర్టర్‌ను డెన్మార్క్‌కు చెందిన డాన్‌ఫాస్ 1968లో వీఎల్‌టీ 5 పేరుతో తెచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఐజీబీటీలు రావడంతో డ్రైవులు చిన్నవయ్యాయి, చౌకయ్యాయి, మోటార్ చప్పుడు తగ్గింది. ఐజీబీటీ ఒక్కోసారి ఆన్, ఆఫ్ కావడానికి ఎంత తక్కువ సమయం తీసుకుంటే డ్రైవ్‌లో అంత తక్కువ వేడి పుడుతుంది. ఆ వేగమే మోటార్ ఇన్సులేషన్‌కూ బేరింగులకూ కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. ఆ సంగతి కేబుల్ దగ్గర వస్తుంది.

ముందు చూడాల్సింది యంత్రాన్ని

మోటార్ తనంతట తాను కరెంటు తీసుకోదు. షాఫ్ట్ మీద ఉన్న యంత్రం ఎంత టార్క్ అడిగితే అందుకు తగ్గ కరెంటు తీసుకుంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న: వేగం మారినప్పుడు ఈ యంత్రం అడిగే టార్క్ ఎలా మారుతుంది?

సెంట్రిఫ్యూగల్ పంపులు, ఫ్యాన్లు, బ్లోయర్లలో టార్క్ వేగం వర్గంతో మారుతుంది, పవర్ వేగం ఘనంతో మారుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే పవర్ 51 శాతానికి పడిపోతుంది. సగం వేగంలో అది 12.5 శాతమే. వీటిని తక్కువ వేగంలో తిప్పడం డ్రైవ్‌కు చాలా తేలిక. స్టార్టింగ్‌లో కూడా పెద్దగా టార్క్ అక్కర్లేదు. ఈ తరహా లోడ్లకు నార్మల్ డ్యూటీ రేటింగ్ సరిపోతుంది. అంటే 60 సెకన్ల పాటు 110 శాతం ఓవర్‌లోడ్ తట్టుకునే రేటింగ్.

కన్వేయర్లు, స్క్రూ ఫీడర్లు, ఎక్స్‌ట్రూడర్లు, పిస్టన్ పంపులు, స్క్రూ కంప్రెసర్ల తీరు వేరు. వేగం ఎంతైనా అవి అడిగే టార్క్ దాదాపు ఒకటే. వేగం సగమైతే పవర్ సగమవుతుంది, కానీ మోటార్ కరెంటు తగ్గదు. ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లను తికమక పెట్టే దృశ్యం ఒకటుంది. 30 కిలోవాట్ల మోటార్, ఫుల్ లోడ్ కరెంటు 55 ఆంపియర్లు అనుకుందాం. నిండుగా లోడ్ ఉన్న కన్వేయర్‌ను 25 హెర్ట్జ్ మీద నడుపుతున్నారు. డ్రైవ్ నుంచి మోటార్‌కు పోయే వైరు మీద క్లాంప్ మీటర్ పెడితే 55 ఆంపియర్లు చూపిస్తుంది. అదే మీటర్‌ను డ్రైవ్‌లోకి వచ్చే వైరు మీద పెడితే 28 దగ్గర ఆగుతుంది. మీటర్ పాడైందన్న అనుమానం సహజం.

మీటర్‌ది తప్పు లేదు. డ్రైవ్ సప్లై నుంచి తీసుకునేది అసలు పనికి, నష్టాలకు కావలసిన పవర్ మాత్రమే. వేగం సగమైంది కాబట్టి ఆ పవర్ కూడా దాదాపు సగమే. మోటార్ వైపు వోల్టేజీ 200కు తగ్గింది, అదే టార్క్ ఇవ్వాలంటే కరెంటు మాత్రం పూర్తిగా కావాలి. మోటార్ అయస్కాంతీకరణకు కావలసిన రియాక్టివ్ కరెంటు డ్రైవ్‌కూ మోటార్‌కూ మధ్యే తిరుగుతుంది, సప్లై దాకా రాదు. ఒక మాట, ఈ కొలతకు ట్రూ ఆర్ఎంఎస్ మీటరే వాడాలి. మామూలు మీటర్ పల్స్‌ల రూపంలో ఉండే కరెంటును తప్పుగా చదువుతుంది.

దీన్నుంచి ఎంపికకు పనికొచ్చే విషయాలు రెండు. ఒకటి, స్థిరమైన టార్క్ అడిగే లోడ్‌కు ఎప్పుడూ తక్కువ వేగంలోనే నడుపుతాం కదా అని చిన్న డ్రైవ్ పెట్టడం కుదరదు. రెండు, మోటార్ వెనకున్న కూలింగ్ ఫ్యాన్ మోటార్ షాఫ్ట్ మీదే తిరుగుతుంది. సగం వేగంలో గాలి బాగా తగ్గిపోతుంది, వైండింగ్‌లో కరెంటు మాత్రం అంతే ఉంటుంది. ఇలా గంటల తరబడి నడిచే మోటార్‌కు విడిగా సప్లై ఇచ్చే కూలింగ్ ఫ్యాన్ పెట్టాలి, లేదా ఒక సైజు పెద్ద మోటార్ తీసుకోవాలి. వైండింగ్‌లో థర్మిస్టర్ (వేడిని పసిగట్టే సెన్సార్) ఉంటే దాన్ని డ్రైవ్‌కు కలపడం తప్పనిసరి అనుకోవడం మేలు. డ్రైవ్ కరెంటు చూసి ఉష్ణోగ్రతను అంచనా వేయగలదు గానీ, ఫ్యాన్ జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగిపోయిన సంగతి దానికి తెలియదు.

క్రషర్లు, హాయిస్టులు, సెంట్రిఫ్యూజులు మూడో రకం. స్టార్టింగ్‌లోనో మధ్యలోనో ఒక్కసారిగా భారీ టార్క్ అడుగుతాయి. వీటికీ, పైన చెప్పిన స్థిర టార్క్ లోడ్లకూ హెవీ డ్యూటీ రేటింగ్ చూడాలి. సాధారణంగా అది 60 సెకన్ల పాటు 150 శాతం. హాయిస్టులకు కొన్నిసార్లు అది కూడా చాలదు.

పంపు పొదుపు లెక్క ఎక్కడ తప్పుతుంది

వేగం ఘనంతో పవర్ తగ్గుతుందన్న సూత్రాన్ని ప్రతి పంపుకూ అలాగే వర్తింపజేసి పొదుపు లెక్కలు వేయడం కనిపిస్తుంది. ఆ సూత్రం పైపుల్లో రాపిడి మాత్రమే ఉన్న సిస్టమ్‌కు సరిగ్గా సరిపోతుంది. చల్లటి నీరు ఒకే లూపులో తిరిగే కూలింగ్ సిస్టమ్ అలాంటిదే. నీటిని ఎత్తుకు ఎక్కించే పంపు సంగతి వేరు.

నీటిని 40 మీటర్ల ఎత్తున్న ట్యాంకుకు ఎక్కించాలి అనుకుందాం. పంపు వాల్వ్ మూసి ఉన్నప్పుడు ఇవ్వగల గరిష్ఠ హెడ్ (నీటిని ఎత్తగల ఎత్తు) 60 మీటర్లు. హెడ్ వేగం వర్గంతో తగ్గుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే 60లో 64 శాతం, అంటే 38.4 మీటర్లు. ట్యాంకు ఉన్నది 40 మీటర్ల మీద. మోటార్ తిరుగుతుంది, డ్రైవ్ 40 హెర్ట్జ్ చూపిస్తుంది, పవర్ బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, ట్యాంకులోకి మాత్రం చుక్క నీరు చేరదు. పంపు లోపల అదే నీరు తిరుగుతూ వేడెక్కుతుంది, సీల్ దెబ్బతింటుంది.

కాబట్టి పంపు మీద డ్రైవ్ పెట్టే ముందు పంపు కర్వ్, పైపు సిస్టమ్ కర్వ్ రెండూ ఒకే కాగితం మీద గీసి చూడాలి. ఎత్తు వాటా ఎక్కువగా ఉంటే తగ్గించగల వేగం కొద్దిగానే ఉంటుంది, పొదుపూ అంతే. అలాంటి చోట రెండు చిన్న పంపులు పెట్టి అవసరాన్ని బట్టి నడపడమే మంచి పరిష్కారం కావచ్చు. ఫ్యాన్లలో ఈ ఇబ్బంది తక్కువ. డ్యాంపర్ మూసి గాలిని అడ్డుకుంటున్న ఫ్యాన్ ఎక్కడ కనిపించినా డ్రైవ్ గురించి ఆలోచించడం దాదాపు ఎప్పుడూ లాభమే.

కిలోవాట్లు పక్కన పెట్టి ఆంపియర్లు చూడాలి

డ్రైవ్ లోపలి ఐజీబీటీలకు కిలోవాట్లతో పని లేదు. వాటిని వేడెక్కించేది కరెంటు. అందుకే డ్రైవ్ అసలు రేటింగ్ ఆంపియర్లలో ఉంటుంది, లేబుల్ మీద కిలోవాట్లు సౌకర్యం కోసం రాసినవి.

తేడా ఎంత ఉంటుందో చూడాలంటే ఒకే కిలోవాట్ల మోటార్లు రెండు తీసుకుంటే చాలు. 15 కిలోవాట్లు, నాలుగు పోల్స్, 400 వోల్టుల మోటార్ 28 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. అదే 15 కిలోవాట్లు ఎనిమిది పోల్స్‌లో అయితే పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి 32 దాటుతుంది. సబ్‌మెర్సిబుల్ పంపు మోటార్లు, బాగా పాత మోటార్లు కూడా ఇలాగే కిలోవాట్లు చూసి ఊహించేదానికంటే ఎక్కువ కరెంటు అడుగుతాయి.

దీనికి డ్యూటీ రేటింగ్ తోడవుతుంది. ఒకే డ్రైవ్ మీద రెండు రేటింగులు ముద్రించి ఉండటం మామూలే. నార్మల్ డ్యూటీలో 18.5 కిలోవాట్లు, 38 ఆంపియర్లు. హెవీ డ్యూటీలో 15 కిలోవాట్లు, 31 ఆంపియర్లు. అంకెలు కంపెనీని బట్టి మారతాయి గానీ తీరు ఇదే. కేటలాగ్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది నార్మల్ డ్యూటీ అంకె. కొటేషన్లు పోల్చేటప్పుడు ఒకరు నార్మల్ డ్యూటీ మీద, ఇంకొకరు హెవీ డ్యూటీ మీద ఇచ్చి ఉంటే తక్కువ ధరకు వస్తున్నది నిజానికి ఒక సైజు చిన్న డ్రైవ్. ధరలో పెద్ద తేడా కనిపించినప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే.

వేడి తినేసే ఆంపియర్లు

పైన చెప్పిన 31 ఆంపియర్ల డ్రైవ్‌ను 28 ఆంపియర్ల కన్వేయర్ మోటార్‌కు పెట్టారు. కాగితం మీద మూడు ఆంపియర్లు మిగులు. ఆ రేటింగ్ చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉన్నప్పటిది, ఎత్తు సముద్ర మట్టం నుంచి 1000 మీటర్ల లోపు ఉన్నప్పటిది. ప్యానెల్ లోపల 50 డిగ్రీలు ఉంటే, ఆ కంపెనీ డిగ్రీకి ఒక శాతం చొప్పున తగ్గించమంటే, 31 కాస్తా 27.9 అవుతుంది. కొన్ని కంపెనీలు డిగ్రీకి ఇంకా ఎక్కువే తగ్గించమంటాయి. ప్లాంట్ 1500 మీటర్ల ఎత్తులో ఉంటే 1000 దాటిన ప్రతి 100 మీటర్లకు ఒక శాతం చొప్పున మరో ఐదు శాతం పోతుంది. మిగిలేది 26.5 ఆంపియర్లు. మోటార్‌కు కావాల్సింది 28. మొదట్లో చెప్పుకున్న ఎండాకాలపు ట్రిప్పులకు కారణం ఈ చిన్న లెక్కలోనే దొరుకుతుంది.

బయటి ఉష్ణోగ్రత కాకుండా ప్యానెల్ లోపలి ఉష్ణోగ్రత అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. డ్రైవ్ సామర్థ్యం 97 శాతం పైనే ఉండొచ్చు. 75 కిలోవాట్ల డ్రైవ్‌లో మిగతా రెండు మూడు శాతం అంటే సుమారు రెండు కిలోవాట్ల వేడి. తలుపు మూసిన ఇనుప బీరువాలో రెండు రూమ్ హీటర్లు ఆన్ చేసి వదిలేసినట్టే. చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, దాని ఫిల్టర్‌ను ఏడాదిపాటు మార్చకపోతే ఎంత మంచి డ్రైవ్ అయినా నిలవదు. డీసీ బస్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగానికి పడిపోతుంది. ట్రిప్ అవకుండా నెట్టుకొస్తున్న వేడి ప్యానెల్ కూడా లోపల్లోపల ఆయుష్షు తినేస్తూనే ఉంటుంది.

స్విచింగ్ ఫ్రీక్వెన్సీ కూడా ఈ లెక్కలోదే. మోటార్ నుంచి సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తుందని 4 కిలోహెర్ట్జ్ నుంచి 8కో 12కో పెంచుతారు. శబ్దం తగ్గుతుంది, ఐజీబీటీల వేడి పెరుగుతుంది, ఇవ్వగల కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మాన్యువల్‌లోని డీరేటింగ్ పట్టికలో ఉంటుంది. శబ్దం ఎవరికీ ఇబ్బంది కాని పంపు హౌస్‌లో దీన్ని పెంచి సాధించేదేమీ లేదు.

ఆపేటప్పుడు వచ్చే చిక్కు

స్టార్టింగ్ గురించి అందరూ ఆలోచిస్తారు. డైరెక్ట్‌గా స్టార్ట్ చేస్తే ఆరేడు రెట్లు లాగే మోటార్, డ్రైవ్ మీద ఫుల్ లోడ్ కరెంటుకు కాస్త అటూ ఇటూగా మెల్లగా లేస్తుంది. ఆపడం గురించి ఆలోచించేది తక్కువ.

తిరిగే బరువైన ఫ్యాన్‌లో శక్తి నిల్వ ఉంటుంది. జడత్వం 50 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ ఉన్న ఫ్యాన్ 1480 చుట్ల మీద తిరుగుతుంటే దానిలో ఉన్న శక్తి సుమారు 600 కిలోజౌళ్లు. దాన్ని 10 సెకన్లలో ఆపమంటే సగటున 60 కిలోవాట్లు వెనక్కి రావాలి. ఆ సమయంలో మోటార్ జనరేటర్‌లా పనిచేసి ఆ శక్తిని డీసీ బస్‌లోకి తోస్తుంది. మామూలు రెక్టిఫయర్ దాన్ని సప్లైకి తిప్పి పంపలేదు. కెపాసిటర్లు నిండిపోతాయి, 565 వోల్టుల దగ్గరున్న బస్ సెకన్లలో 800 దగ్గరికి చేరుతుంది, ఓవర్ వోల్టేజీ ట్రిప్ పడుతుంది. ఫ్యాన్ మాత్రం ఏ అదుపూ లేకుండా తిరుగుతూనే ఉంటుంది.

నింపాదిగా ఆగినా ఫర్వాలేదంటే రెండు నిమిషాల సమయం ఇస్తే చాలు, సగటున ఐదు కిలోవాట్లే కాబట్టి గాలి నిరోధం, మోటార్ నష్టాలే దాన్ని మింగేస్తాయి. త్వరగా ఆగాల్సిందేనంటే ఆ శక్తిని వేడిగా కాల్చేసే రెసిస్టర్, దాన్ని అందులోకి మళ్లించే బ్రేకింగ్ చాపర్ కావాలి. చాలా చిన్న డ్రైవుల్లో చాపర్ లోపలే ఉంటుంది, పెద్దవాటిలో విడిగా అడగాలి. ఆర్డర్ ఇచ్చాక గుర్తొస్తే చేర్చడం కష్టం. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండే హాయిస్టులు, తరచూ ఆగి కదిలే సెంట్రిఫ్యూజుల్లో రెసిస్టర్‌లో కాల్చే శక్తి చిన్నది కాదు. అక్కడ శక్తిని సప్లైకి తిప్పి పంపే రీజెనరేటివ్ డ్రైవ్ లెక్కకు నిలుస్తుంది.

కంట్రోల్ పద్ధతి

పంపుకూ ఫ్యాన్‌కూ వీ బై ఎఫ్ చాలు. ఒకే డ్రైవ్ మీద నాలుగైదు మోటార్లు నడపాలంటే కూడా అదే దారి. అప్పుడు ప్రతి మోటార్‌కూ విడిగా ఓవర్‌లోడ్ రిలే ఉండాలి. తక్కువ వేగంలో గట్టి టార్క్ కావాల్సిన చోట సెన్సార్‌లెస్ వెక్టర్ (మోటార్ కరెంటు కొలిచి టార్క్‌ను అదుపు చేసే పద్ధతి), వేగం సున్నా దగ్గర కూడా లోడ్‌ను పట్టి ఉంచాల్సిన హాయిస్టు వంటి చోట ఎన్‌కోడర్ (షాఫ్ట్ వేగం చెప్పే సెన్సార్)తో వెక్టర్ కంట్రోల్ అవసరం. పర్మనెంట్ మాగ్నెట్, సింక్రనస్ రిలక్టెన్స్ మోటార్లు వాడుతుంటే ఆ రకం మోటార్‌ను నడపగలదని డ్రైవ్ మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉండాలి.

కేబుల్ చివర ఎదురయ్యే వోల్టేజీ

డ్రైవ్ నుంచి వెళ్లే పల్స్ సున్నా నుంచి 565 వోల్టులకు ఒక మైక్రోసెకన్‌లో పదో వంతులోనే లేస్తుంది. కేబుల్‌లో ఆ పల్స్ మైక్రోసెకన్‌కు సుమారు 150 మీటర్లు ప్రయాణిస్తుంది. మోటార్ దగ్గరికి చేరి, అక్కడ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతుంది. వచ్చేదీ తిరిగేదీ కలిసి మోటార్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ రెట్టింపు కావచ్చు, అంటే 1100 వోల్టుల పైన. ఇంత వేగంగా లేచే పల్స్‌కు ఎనిమిది మీటర్ల లోపు కేబుల్ చాలు ఈ రెట్టింపు పూర్తి కావడానికి. 690 వోల్టుల సిస్టమ్‌లో ఇదే దెబ్బ 1900 వోల్టులు దాటుతుంది.

డ్రైవ్ మీద నడిచేందుకు తగిన ఇన్సులేషన్‌తో చేసిన మోటార్లు 400 వోల్టుల స్థాయిలో దీన్ని తట్టుకుంటాయి. ఆ ఇన్సులేషన్ పరీక్షకు ఐఈసీ 60034-18-41 అనే ప్రమాణం ఉంది. ఇబ్బంది పాత మోటార్లతో, చాలాసార్లు రీవైండ్ అయిన మోటార్లతో. వైండింగ్ మొదటి చుట్లలో ఇన్సులేషన్ మెల్లగా తినుకుపోయి ఒకరోజు షార్ట్ అవుతుంది. పాత మోటార్‌కు కొత్త డ్రైవ్ పెడుతూ కేబుల్ పొడవు ఉంటే పల్స్ లేచే వేగాన్ని తగ్గించే డీవీ బై డీటీ ఫిల్టర్ ఖర్చుకు వెనకాడకూడదు. వందల మీటర్ల కేబుల్ ఉన్న బోరు పంపుల్లాంటి చోట పల్స్‌లను నునుపైన తరంగంగా మార్చే సైన్ ఫిల్టర్ వైపు చూడాలి. అవుట్‌పుట్ చోక్ (డ్రైవ్ తర్వాత పెట్టే కాయిల్) వీటికంటే చౌక, ఉపశమనమూ అంతే.

బేరింగుల సమస్య బయటికి కనపడకుండా పెరుగుతుంది. డ్రైవ్ పల్స్‌ల వల్ల మోటార్ షాఫ్ట్ మీద వోల్టేజీ పేరుకుంటుంది. బేరింగ్‌లోని గ్రీజు పొర దాన్ని కొంతవరకు ఆపుతుంది, ఆపలేనప్పుడు సన్నని స్పార్క్‌గా దాటుతుంది. ఒక్కో స్పార్క్ ఇనుములో కంటికి కనపడని గుంట చేస్తుంది. అలాంటివి లక్షల్లో జరిగాక మోటార్ అరుపు మారుతుంది. విప్పి చూస్తే గ్రీజు నల్లబడి ఉంటుంది, బేరింగ్ ట్రాక్ మీద దువ్వెన పళ్లలా వరుసగా అడ్డగీతలు కనిపిస్తాయి. గ్రీజు తక్కువై అరిగిన బేరింగ్ ఇలా ఉండదు. ఆ గీతలు చూశాక కూడా అలాంటి బేరింగే మళ్లీ వేస్తే అది కూడా అదే దారి పడుతుంది. 100 కిలోవాట్లు దాటిన మోటార్లకు వెనుక వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ వేయడం సాధారణంగా అందరూ చెప్పే సలహా. షాఫ్ట్ గ్రౌండింగ్ రింగ్, రెండు చివర్లా షీల్డ్‌ను చుట్టూ పట్టి ఎర్త్ చేసిన కేబుల్ కూడా బాగా పనిచేస్తాయి. షీల్డ్‌ను జడలా మెలిపెట్టి ఒక బోల్టుకు కట్టేస్తే అంత ఫలితం ఉండదు.

సప్లై వైపు హార్మోనిక్స్

మామూలు ఆరు పల్స్ రెక్టిఫయర్ కరెంటును నునుపుగా తీసుకోదు, గుక్కలు గుక్కలుగా లాగుతుంది. దాంతో 5, 7, 11, 13వ హార్మోనిక్స్ పుడతాయి. 50 హెర్ట్జ్ సప్లైలో మొదటి రెండు 250, 350 హెర్ట్జ్. చోక్ ఏమీ లేని డ్రైవ్‌లో కరెంటు వక్రీకరణ 80 శాతం కూడా దాటొచ్చు. మూడు నుంచి ఐదు శాతం చోక్ పెడితే అది 35, 40 శాతాల దగ్గరికి దిగుతుంది. ఖర్చుకు తగ్గ ప్రయోజనం ఇంతకు మించి మరొకటి లేదు. డీసీ చోక్ లోపలే ఉన్న డ్రైవులు చాలా ఉన్నాయి, ఆర్డర్ చేసేముందు ఉందో లేదో అడిగితే సరిపోతుంది.

ఐఈఈఈ 519 ప్రకారం ప్రతి డ్రైవ్ ఐదు శాతం లోపే ఉండాలని కొన్ని టెండర్లలో రాస్తుంటారు. ఆ ప్రమాణం హద్దులు పెట్టేది ప్లాంట్ మొత్తం పబ్లిక్ సప్లైతో కలిసే చోట, విడి విడి డ్రైవులకు కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు చిన్న డ్రైవులు ఉంటే చోక్ చాలు. లోడ్‌లో పెద్ద వాటా డ్రైవులదే అయినప్పుడు, లేదా జనరేటర్ మీద నడపాల్సి వచ్చినప్పుడు హార్మోనిక్స్‌ను ఇంకా తగ్గించే 12 పల్స్ రెక్టిఫయర్, యాక్టివ్ ఫిల్టర్, యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ లాంటివి ఆలోచించాలి. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ బ్యాంక్ ఉన్న ప్లాంట్‌లో డ్రైవులు పెరిగేకొద్దీ కెపాసిటర్లు ఉబ్బడం, ఫ్యూజులు పోవడం మొదలైతే రెజొనెన్స్‌ను (కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి ఒక హార్మోనిక్‌ను పెంచేయడాన్ని) అనుమానించాలి. దాన్ని తప్పించే డీట్యూన్డ్ రియాక్టర్లు వేయకుండా కెపాసిటర్లు మార్చుకుంటూ పోతే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. డ్రైవ్‌కూ మోటార్‌కూ మధ్య మాత్రం కెపాసిటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, ఐజీబీటీలు పోతాయి.

వీఎఫ్‌డీ అక్కర్లేని చోటు

ఏడాది పొడవునా పూర్తి వేగంలో, పూర్తి లోడ్‌తో తిరిగే మోటార్‌కు డ్రైవ్ వల్ల ఆదా ఉండదు. పైగా డ్రైవ్ నష్టం రెండు మూడు శాతం కలుస్తుంది. స్టార్టింగ్ కుదుపు తగ్గించడమే అవసరమైతే సాఫ్ట్ స్టార్టర్ సరిపోతుంది. స్టార్ట్ అయ్యాక బైపాస్ కాంటాక్టర్ పడితే దాని నష్టం కూడా లేనట్టే. కప్పీ మార్చి వేగం ఒకసారి సర్దితే తీరిపోయే అవసరానికి డ్రైవ్ పెట్టడం కూడా దండగే.

షెల్ఫ్ మీది స్పేర్

ముఖ్యమైన యంత్రానికి స్పేర్ డ్రైవ్ కొని స్టోర్స్‌లో పెట్టడం మంచి అలవాటు. వాడకుండా ఏడాది దాటి పడి ఉన్న డ్రైవ్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. రెండు మూడేళ్ల తర్వాత దాన్ని తెచ్చి నేరుగా పూర్తి వోల్టేజీ ఇస్తే కెపాసిటర్లు అక్కడికక్కడే పోవచ్చు. ఏడాదికోసారి కొన్ని గంటలు సప్లై ఇవ్వాలి, లేదా వాడేముందు మాన్యువల్‌లో చెప్పినట్టు వోల్టేజీని మెల్లగా పెంచుతూ రీఫార్మింగ్ చేయాలి.

రెండో సంగతి పారామీటర్లు. అర్ధరాత్రి డ్రైవ్ పోయి స్పేర్ బిగించినప్పుడు అది ఫ్యాక్టరీ సెట్టింగులతోనే లేస్తుంది. అందులో ఉన్న మోటార్ కరెంటు, వేగం, ఆగే సమయం అన్నీ ఆ డ్రైవ్ సైజుకు తగిన సగటు అంకెలు, ఎదురుగా ఉన్న మోటార్‌వి కావు. ఓవర్‌లోడ్ రక్షణ తప్పు అంకె మీద పనిచేస్తుంది. రెండు నిమిషాల్లో ఆగాల్సిన ఫ్యాన్‌ను పది సెకన్లలో ఆపబోయి ట్రిప్ అవుతుంది. కమిషనింగ్ రోజునే పారామీటర్లను కీప్యాడ్‌లోకో కంప్యూటర్‌లోకో కాపీ చేసి, ఒక ప్రింటు ప్యానెల్ తలుపు లోపల అంటిస్తే ఆ రాత్రి పని అరగంటలో ముగుస్తుంది.